అవసరం: భయం

మా సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. చేతిలో టీ గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్ళి, ఇనప్పెట్టె తాళం వేసి ఉందో లేదో లాగి చూసి వచ్చాను. వేసే ఉంది. పట్టపగలు పదకొండు గంటలకు దాన్నెవరు తీస్తారు? అయినా వచ్చి కూర్చున్నాక మళ్ళీ లేచి చూశాను.

ఆయన పేరు రాయను. సొసైటీ వార్షికోత్సవానికి పేపర్లో ఫొటో వేస్తామంటే విలేకరిని గేటు దగ్గరి నుంచే పంపేసిన మనిషి. “పేరు ఎంత వాడితే అంత అరిగిపోతాదమ్మా, అవసరానికి దాచుకోవాల” అనేవారు. పేరు సంగతి అలా ఉంచుదాం. ఊళ్ళో అందరికీ ఆయన సార్, అంతే.

మాది విడవలూరు దాటి సముద్రం వైపు వెళ్తే రొయ్యల గుంటలూ సరుగుడు తోపులూ అయిపోయాక వచ్చే ఊరు. ఇక్కడ చేపలు పట్టేవాళ్ళ పొదుపు సొసైటీ ఒకటుంది. ఆడవాళ్ళు రోజూ చేపలమ్మిన డబ్బులో ఇంత అని తెచ్చి అందులో వేస్తారు. ఏప్రిల్ నడుమ నుంచి రెండు నెలలు వేట నిషేధం. పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కేస్తాయి. ఆ రెండు నెలలూ మా ఊళ్ళో పొయ్యి వెలిగేది ఈ డబ్బుతోనే. సార్ నెల్లూరులో కామర్స్ లెక్చరర్‌గా చేసి రిటైరై వచ్చి ఆ సొసైటీకి సెక్రటరీ అయ్యారు. నేను క్యాషియర్‌ని. ఉద్యోగంలో చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు, ఒంటి నిండా బద్ధకం.

సార్ నడక గురించి ముందు చెప్పాలి. ఉదయం తొమ్మిదింటికి ఇంటి నుంచి బయలుదేరితే తొమ్మిదీ పన్నెండుకి సొసైటీ మెట్టు ఎక్కేవారు. వాన కురిసినా అదే నడక. ఆలస్యమైందంటే ఇంకా నెమ్మదిగా నడిచేవారు. “సెక్రటరీ పరిగెత్తినాడంటే ఊరికి జ్వరమొస్తాది” అనేవారు. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు ఊరంతా ఇసుక మీదికి ఉరికేది. నేనూ ఉరికేదాన్ని. ఆయన చేతిలో ఉన్న నోట్ల కట్ట చివరి దాకా లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు వేసి, పెట్టెలో పెట్టి, అప్పుడు బయటికొచ్చేవారు. అంత సర్వీసులో ఆయన ఒక్క రాకెట్ కూడా చూడలేదు. పొగ మాత్రం చాలా చూశారు.

ఆయనకి ఒక దేవుడుండేవాడు. యేసు ప్రభువు సరే, ఆయన ఆదివారాలకి. మిగతా ఆరు రోజులకీ ఐరోపాలో ఒక బ్యాంకు పెద్ద. ఇంగ్లీషు పేపర్లోంచి కత్తిరించిన ఆయన బొమ్మ సార్ టేబుల్ అద్దం కింద ఉండేది. నెరిసిన జుట్టు, నిద్రలేని కళ్ళు, పక్కింటాయన పెళ్ళికి మొహమాటానికి వచ్చినవాడిలా నవ్వని ముఖం. ఆ పేరు నాకు ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరగలేదు. సార్ కూడా పేరు వదిలేసి “మనాయన” అనడం మొదలుపెట్టారు.

“మనాయన కూడా ముందు పంతులే, నాలాగా. తర్వాత సర్కారు కొలువు. తర్వాత వాళ్ళ దేశం బ్యాంకు. ఆ తర్వాత అన్ని దేశాలకీ కలిపి ఒకటే డబ్బు పెట్టుకున్నారు కదా, దానికి కాపలా” అని టీ వేళ చెప్పేవారు. ఆ డబ్బు ఇక మునిగిపోతుందని ఖండమంతా వణుకుతుంటే మనాయన లేచి ఒక్క మాట అన్నాడట. ఏం చేసైనా సరే నిలబెడతానని. పైసా తీయలేదు, మాటే అన్నాడు. జనం నమ్మారు, వణుకు ఆగిపోయింది. ఈ కథ నేను కనీసం వందసార్లు విన్నాను. మా అమ్మ సినిమా హీరో గురించి కూడా అంత ముచ్చటగా చెప్పేది కాదు.

ఆ కథ పుణ్యాన సొసైటీలో ఒక నియమం వచ్చింది. కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ళు “లేదు” అనకూడదు. చిల్లర లేకపోతే “తెప్పిస్తున్నాం” అనాలి. పెన్ను లేకపోయినా “వస్తాది” అనాలి. నేను చాటుగా నవ్వుకునేదాన్ని. ఇంకో నియమం, డబ్బు తీసుకునే చీటీలో ‘అవసరం’ అని ఒక గడి ఉంటుంది, అది ఖాళీగా ఉంటే ఆయన సంతకం పెట్టరు. వల, ఇంజను, పెళ్ళి, ఆస్పత్రి, ఏదో ఒకటి రాయాల్సిందే. “ఎందుకు తీస్తుండాడో తెలియకపోతే వాడి ఇంట్లో ఏం జరగతా ఉండాదో మనకెట్టా తెలుస్తాది?” అనేవారు.

ఇక ఆ ఈస్టర్ సంగతి.

వేట నిషేధం మొదలయ్యే వారం అది. గుడ్ ఫ్రైడే నాడు సొసైటీకి సెలవు. శనివారం ఒక పూట తెరిచాం. ఇనప్పెట్టెకి రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది సార్ దగ్గర, రెండూ పెడితేనే పెట్టె తెరుచుకుంటుంది. ఆ శనివారం సార్ పది గంటలకే సమాధుల తోటకి వెళ్ళారు. ఈస్టర్ తెల్లవారుజామున క్రైస్తవులంతా సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెడతారు కదా, ముందురోజు వాటికి సున్నం కొట్టుకుంటారు. సార్ భార్య సమాధి అక్కడే ఉంది. ఆ పని ఆయన కూలికి ఇవ్వరు. “ఎవరన్నా వస్తే కబురు పంపు, వస్తా” అని చెప్పి సున్నం బకెట్టు తీసుకుని వెళ్ళారు.

పన్నెండు దాటాక ఎండుచేపలమ్మే అక్క వచ్చింది. వెనక ఆమె పెద్దకూతురు. చీటీ కౌంటర్ మీద పెట్టింది. సమాధుల తోట పది నిమిషాల నడక. బయట ఇసుక పెనంలా కాలుతోంది. నేను అప్పటికే బ్యాగు భుజాన వేసుకుని ఉన్నాను. చీటీ వంక చూడనైనా చూడలేదు.

“డబ్బు లేదక్కా. సోమవారం రా” అన్నాను.

ఆమె చీటీ అక్కడే వదిలేసి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నేను దాన్ని టేబుల్ సొరుగులో పడేసి, ఇంటికెళ్ళి చేపల పులుసు తిని పడుకున్నాను. హాయిగా నిద్రపట్టింది. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ అక్క పది ఇళ్ళు తిరిగి చేబదులు అడిగిందట. అడిగిన ప్రతిచోటా “సొసైటీలో లేదన్నారు, మీరన్నా సర్దండి” అందట. అబద్ధం కాదు కదా, ఉన్నమాటే చెప్పింది. పొద్దుగూకేసరికి ఆ మాట మా ఊరికీ పక్కన మూడు పల్లెలకీ పాకింది. ఈస్టర్ ఉదయం ఆరింటికి మా అమ్మ నన్ను తట్టి లేపింది. “ఏమ్మే, సొసైటీ కాడ జనం నిండిపోయినారు. మన డబ్బు కూడా దాంట్లోనే ఉండాది కదా. ఏం చేసినావు?” అంది. అమ్మకి ఏమీ తెలియదు, ఊరికే అడిగింది. నేను తాళంచెవి అందుకుని ఉరికాను.

వెళ్ళేసరికి గేటు బయట రెండు వందల మందైనా ఉంటారు. ఎవరూ అరవడం లేదు. అది చూసే నాకు ఎక్కువ భయం వేసింది. మా ఊరివాళ్ళు చేపల ధర దగ్గర కూడా అరుస్తారు. అలాంటివాళ్ళు పాస్‌బుక్కులు గుండెకి ఆనించుకుని ఊరికే నిలబడ్డారు. సార్ తోట నుంచి అటే వచ్చారు. తెల్లచొక్కా మీద కొవ్వొత్తి మైనం చుక్కలు. అదే నడక. జనం మధ్యలోంచి నడిచి, మెట్టెక్కి, తాళం తీసి, నన్ను లోపలికి రమ్మన్నారు.

లోపల పాత లెడ్జర్లు పెట్టే చిన్న గది ఉంది. ఆయన అందులోకి వెళ్ళి ఎంతకీ రాలేదు. తలుపు తోసి తొంగిచూశాను. లెడ్జర్ల దొంతర మీద కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గట్టిగా అదిమిపట్టారు. ఎందుకో ముందు అర్థం కాలేదు. తర్వాత భుజాలు చూశాను. వణుకుతున్నాయి.

“సార్...”

“ఒక్క నిమిషం ఆగమ్మా. తలుపేసుకుని భయపడుతుండా. బయట భయపడకూడదు కదా.” ఆ తర్వాత, “మనాయన మాట అంటే నమ్మినారు. ఎందుకు నమ్మినారో తెలుసా? ఆయన వెనక నోట్లు అచ్చేసే మిషను ఉండాది. నా వెనక నువ్వుండావు” అన్నారు.

పెట్టెలో ఉన్నది అందరికీ ఇస్తే ఒక పూటకి సరిపోతుంది. మిగతా డబ్బు వలలకీ ఇంజన్లకీ అప్పులుగా వెళ్ళింది, మరికొంత నెల్లూరు బ్యాంకులో ఉంది. అక్కడి నుంచి సోమవారం గానీ రాదు. ఇంతలో ఊరి పెదకాపు లోపలికి వచ్చాడు. పల్లెలో తగవులు తీర్చే పెద్ద ఆయన.

“సార్, ఊఁ అనండి. దురాయి వేసేస్తాం. పదిరోజుల దాకా ఒక్కడు చీటీ రాయడు. రాసినోడికి జరిమానా, కట్టకపోతే వెలి.”

దురాయి అంటే మా పల్లెల్లో పెద్దలు పెట్టే కట్టడి. అది పడిందంటే కలెక్టరు మాట దాటినా దాన్ని మాత్రం ఎవరూ దాటరు. నాకు ప్రాణం లేచొచ్చింది. సార్ ఒప్పుకుంటే చాలు, అంతా అయిపోతుంది, నా సంగతి ఎవరూ అడగరు.

“వద్దు పెదకాపూ” అన్నారు సార్. “దురాయి వేస్తే చీటీ ఆగతాది, భయం ఆగదు. పదకొండో రోజు ఇంతకు రెండింతలు వస్తారు. వాళ్ళ డబ్బు వాళ్ళని తీసుకోనీ.”

“ఉన్నింది అయిపోతే?”

“అప్పుడు లేదని నేనే చెప్తా. ఇప్పుడు ఉండాది కదా.”

టేబుల్ వరండాలోకి వేయించారు. నోట్ల కట్టలు అందరికీ కనబడేలా పెట్టించారు. మొదటగా వచ్చినాయన చీటీలో అవసరం గడి ఖాళీగా ఉంది. సార్ అలవాటు కొద్దీ అడిగారు.

“దేనికన్నా?”

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. “దేనికీ కాదు సార్. భయంగా ఉండాది.”

“సరే. అదే రాయమ్మా” అన్నారు నాతో. “భయం కూడా అవసరమే. ఇచ్చేయ్.”

నేను రాశాను. అవసరం: భయం. తర్వాత చీటీ మీద కూడా అదే. ఆ పొద్దున ఆ ముక్క ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. సార్ అందరినీ అడిగారు, ఒక్కరిని కూడా వెక్కిరించలేదు. కొందరు సిగ్గుపడి “వలకి” అన్నారు. నిషేధంలో వలెందుకని ఆయన అడగలేదు. క్యూ నెమ్మదించింది. వెనకవైపు ఇద్దరు ముగ్గురు ఇళ్ళకి కూడా మళ్ళారు. గండం గడుస్తోందనుకున్నాను.

అప్పుడు గుంపులోంచి ఒకాయన గట్టిగా అన్నాడు. “మాకిస్తుండారు సరే. ఆ ఎండుచేపలామె కొడుక్కి జ్వరం ముదిరి నెల్లూరు ఆస్పత్రిలో ఏసినారు. కమ్మలు కుదవబెట్టి తీసుకుపోయింది. నిన్న ఆమెకి లేదన్నారే! నిన్న లేని డబ్బు ఇయ్యాళ యాడ నుంచి వచ్చింది?”

టేబుల్ సొరుగులో ఆమె వదిలేసిన చీటీ ఉంది. తీసి చూశాను. అవసరం గడిలో వంకర అక్షరాలతో ‘ఆస్పత్రి’ అని ఉంది.

సార్ నా వైపు తిరిగారు. ముఖం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. ఆ చూపులో కోపం లేదు. అంతకంటే భయపెట్టేది ఏదో ఉంది, నా కోసం ఆయన పడ్డ భయం.

“నేనే అన్నా” అన్నారు గుంపుతో. “లేదని చెప్పింది నేనే.”

తెల్లారి ప్రార్థన చేసి వచ్చిన నోటితో ఆయన ఆ అబద్ధమాడారు. అది మా నెత్తినే పడింది. “సారే లేదన్నాడంట! సారే!” అని మాట వెనక్కి పాకింది. క్యాషియర్ పిల్ల లేదంటే ఏదో అనుకోవచ్చు. సార్ లేదన్నారంటే నిజంగా లేనట్టే. క్యూ ఒక్కసారిగా తెగిపోయింది. వెళ్ళినవాళ్ళు కూడా పరిగెత్తుకుంటూ వచ్చారు. జనం తోపులాటకి టేబుల్ గోడకి కొట్టుకుంది. ఒకామె పసిబిడ్డని తల పైకెత్తి పట్టుకుని ఏడుస్తోంది. సార్ చెయ్యెత్తి ఏదో చెప్పబోయారు. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు.

నేను లేచి కుర్చీ ఎక్కి నిలబడ్డాను.

“సార్ కాదు! నేనన్నా! పెట్టెలో డబ్బుండాది. రెండో తాళంచెవి నిన్న తోటలో సార్ దగ్గరున్నింది. పోయి తేవాల. ఎండగా ఉండాదని పోలేదు నేను. బద్ధకమేసి లేదన్నా!”

గుంపు ఆగింది. ఒక ముసలామె ముందుకొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఎండగా ఉండాదా తల్లీ నీకు? మేం దినామూ ఆ ఎండలోనే కదమ్మే చేపలు ఎండేసేది! మాకేమన్నా గొడుగు పట్టినారా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత మొదలైంది తిట్లవాన. అరగంట పాటు మా అమ్మని, అమ్మమ్మని, నాకింకా కాని మొగుణ్ణి కలిపి తిట్టారు. మా ఊరి తిట్లు తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పలేను. కానీ తిట్టే ఓపిక వచ్చిందంటే భయం దిగినట్టే. “ఈ సోంబేరి పిల్ల కోసం నా వల డబ్బు తీసుకుపోయి ఇంట్లో ఎలకలకి పెట్టనా?” అని ఒకాయన తన చీటీ చింపేశాడు. ఇంకొకరూ చింపారు. మధ్యాహ్నానికి వరండా ఖాళీ. పెట్టెలో రెండు కట్టలు మిగిలాయి.

సార్ అందులోంచి ఆ అక్క అడిగిన మొత్తం తీసి నా చేతికిచ్చారు. “పో. నువ్వే ఇయ్యాల” అన్నారు. పెదకాపు కొడుకు బండి మీద నెల్లూరు వెళ్ళాను. దారి పొడుగునా పిల్లాడు బతికి ఉండాలని మొక్కుకున్నాను. నా దేవుడికీ, సార్ దేవుడికీ. పిల్లాడు మంచం మీద సెలైన్ పెట్టించుకుని బిస్కట్ తింటున్నాడు. ఆ అక్క డబ్బు తీసుకుని రొంటిన దోపుకుంది.

“ఉండీ లేదన్నావా?” అంది.

“ఉండీ అన్నానక్కా.”

“వాడికేమన్నా అయ్యుంటే నిన్ను చంపేసుందును” అంది. గొంతు పెంచలేదు. వట్టి బెదిరింపు కాదని నాకు తెలుసు. తర్వాత నెల నా జీతంతో ఆమె కమ్మలు విడిపించి ఇచ్చాను. తీసుకుంది కానీ మాట్లాడలేదు.

సార్ ఆ రోజు గురించి మళ్ళీ ఎత్తలేదు. నన్ను తీసేయలేదు. పెదకాపు మాత్రం పల్లెపల్లెకీ ఆ కథ మోసుకెళ్ళాడు. ఆ పేరు మీదే తర్వాత పంచాయతీ ఎన్నికల్లో అన్ని పార్టీలవాళ్ళూ కలిసి సార్‌ని ఏకగ్రీవంగా సర్పంచ్‌ని చేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనాయన్ని కూడా వాళ్ళ దేశంలో పిలిచి ప్రధానమంత్రిని చేశారు. సార్ ఆనందం చూడాలి! స్కూలు పిల్లలకి చాక్లెట్లు పంచారు, ఎందుకో పిల్లలకి చెప్పలేదు. కానీ సొసైటీ వేరు, పంచాయతీ వేరు. ఇక్కడ నిదానంగా ఉంటే నమ్మకం, అక్కడ నిదానంగా ఉంటే చేతకానితనం. రొయ్యల గుంటల నీళ్ళు కాలవలోకి వదలొద్దని ఆయన పట్టుబట్టారు. గుంటలున్న వార్డు మెంబర్లు ఒక్కొక్కరే మీటింగులకి రావడం మానేశారు. అక్కడ మనాయన్నీ కలిసి ఎత్తుకున్నవాళ్ళే దించారు. ఇక్కడ సార్ కూడా రాజీనామా రాసి, మండలాఫీసులో ఇచ్చి, అదే నడకతో ఇంటికొచ్చారు. “ఆయన దేశానికి ఏమీ కాలేదమ్మా. మనూరికి కూడా ఏమీ కాదు” అన్నారు. ఆ సాయంత్రం ఆయన గొంతులో దిగులు దాగలేదు.

పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. బాగా తగ్గిపోయారు. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని, నా చేతిలోని గ్లాసుతో నీళ్ళు తాగుతూ, తనంతట తనే ఆ ఈస్టర్ మాట ఎత్తారు.

“ఆ రోజు నేను చేసింది తప్పమ్మా. మనాయనైతే చచ్చినా చేసుండడు. ఒక్క మనిషిని కాయాలని అంతమంది సొమ్మునీ పణం పెట్టినా. నువ్వు నిలబడలేవనుకున్నా. వాళ్ళు నిన్ను తినేస్తారని భయపడినా.” ఊపిరి కోసం ఆగారు. “నువ్వు లేచి నిలబడినావు చూడు, అప్పుడు నాకు సిగ్గేసింది. మనిషిని అంత తక్కువగా అంచనా వేసింది నేను ఆ ఒక్కసారే. అందుకే కమిటీకి నీ పేరు రాసిచ్చినా. సెక్రటరీ కుర్చీలో నువ్వుంటే నాకు భయం లేదు.”

ఆ కుర్చీలో కూర్చునే ఇది రాస్తున్నాను.

ఆ ఈస్టర్ రోజు వరండాలో నా కుర్చీ దగ్గరికి రోడ్డు కనిపిస్తోంది. జనం సార్ మీద పడినప్పుడు నేను చూస్తున్నది సార్ వైపు కాదు, రోడ్డు వైపు. ఒక ఆటో ఆగింది. ఎండుచేపల అక్క పెద్దకూతురు దిగింది, ఇంట్లో బట్టలు తీసుకుపోవడానికి వచ్చినట్టుంది. శనివారం వాళ్ళమ్మ వెనకే నిలబడి నా మాట విన్న పిల్ల. జనాన్ని చూసి ఆ పిల్ల గేటు వైపు రావడం మొదలుపెట్టింది. ఇంకో ఇరవై అడుగులైతే వేలెత్తి నన్ను చూపించేది. నేను లేచింది అప్పుడు. ఆ ఆటో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే నేను కూర్చునే ఉండేదాన్ని. సార్ చొక్కా చిరిగినా కూర్చునే ఉండేదాన్ని. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

మంచం మీద నుంచి ఆయన నా వైపు చూస్తున్నారు. ఆ కళ్ళలో నేనంటే ఎంత నమ్మకమో. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననుకున్నాను. నోరు తెరిచాను.

“ఇంకొంచెం తాగండి సార్” అన్నాను.

ఆయన తాగారు.